కారణం రాయని గడి

మా ఆఫీసులో ఏఐ ఏజెంటుకి మర్యాద మరీ ఎక్కువ. ఏం అడిగినా ముందు నా ప్రశ్నని మెచ్చుకునేది. తర్వాత తాను చేయబోయేదంతా పేరాలు పేరాలుగా వివరించి, చేయమంటారా అనేది. చేయమంటే, నిజంగానే చేయమంటారా అనేది. మూడోసారికి నాకు ఒళ్లు మండిపోయేది.

మాది రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే కంపెనీ. ఫ్యాక్టరీ ఎచ్చెర్ల దాటాక ఉంది. అక్కడి కంప్యూటర్లని చూసుకునే మా గది మాత్రం శ్రీకాకుళంలో. ఏ కంప్యూటర్‌కి ఎప్పుడు అప్‌డేట్ వేయాలి, ఎప్పుడు రీస్టార్ట్ చేయాలి అన్నదంతా ఒక సాఫ్ట్‌వేర్ దానంతటదే చేసుకుపోయేది. దానికి హద్దులు చెప్పే సెట్టింగులు మాత్రం మా చేతిలో ఉండేవి. మా అంటే నేనూ, నాకన్నా బాగా పెద్దయిన ఇంకొకాయనా. ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. నాది పర్మనెంటు ఉద్యోగం. ఆయనది కాంట్రాక్టు, ఏటా మార్చిలో పొడిగించాలి.

ఆ ఏడాది హైదరాబాద్‌లోని మేనేజరు కొత్త నియమం పెట్టారు. ఇకమీదట సెట్టింగుల్ని ఎవరూ స్వయంగా ముట్టుకోకూడదు, ఏజెంటుకి చెప్పి చేయించాలి. ఏది ఎవరి లాగిన్‌తో మారిందో అది రాసిపెడుతుంది. పాత సెట్టింగుల్లో అక్కర్లేనివన్నీ మార్చిలోగా తీసేయించాలి. తప్పు జరిగితే ఆ లాగిన్ గలవారి కాంట్రాక్టు పొడిగించరు. అంటే భయపడాల్సింది బాబాయ్ ఒక్కడే. ఒక మీట నొక్కితే అయిపోయే పనికి రోజూ అర్జీ పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఒక సోమవారం బాబాయ్ భోజనానికి వెళ్లాడు. నా లాప్‌టాప్ మొరాయించడంతో ఆయన సీట్లో కూర్చున్నాను. ఆయన లాగిన్ తెరిచే ఉంది. మా గదిలో అది తప్పు కాదు. ఇంట్లో ఎవరి చెప్పులు కాలికి తగిలితే అవి వేసుకుని వెళ్లిపోయినట్టు, ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో పని చేసుకునేవాళ్లం.

ఏజెంటు నన్ను అడిగింది: మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా ఏ కంప్యూటర్నీ రీస్టార్ట్ చేయకూడదని ఒక సెట్టింగు ఉంది, కారణం గడిలో ఏమీ రాయలేదు, తీసేయమంటారా?

కారణం నాకు తెలుసు. మంగళవారం అది రాహుకాలం. బాబాయ్ ఆ వేళలో కొత్త పనేదీ మొదలుపెట్టడు, కంప్యూటర్లనీ మొదలుపెట్టనివ్వడు. మాది చర్చికి వెళ్లే కుటుంబం, నాకు ఈ పట్టింపులు లేవు.

"రాహువుకి కంప్యూటర్లతో ఏటి పని బాబాయ్?" అని ఒకసారి ఆటపట్టించాను.

"నీకేటి తెలుసమ్మా. ఆ టైములో ముట్టుకుంటే ఏదో ఒకటి అవతాది."

"మరి కారణం దగ్గర ఆ ముక్కే రాయొచ్చు కదా?"

"హైదరాబాదోళ్లు సూస్తే నవ్వుతారమ్మా."

ఆ మాటలన్నీ గుర్తుండి కూడా తీసేయమన్నాను. అది మళ్లీ అడిగింది, మళ్లీ అన్నాను. మూడోసారి అడిగేసరికి విసుగుతో ఎంటర్ మీద గుద్దాను. బాబాయ్ తిరిగొచ్చేసరికి ఇంకా ఆయన సీట్లోనే ఉన్నాను, అయినా చెప్పాలనిపించలేదు.

మర్నాడు మంగళవారం. వారం వారం ఆ రోజే హైదరాబాద్ నుంచి వచ్చే అప్‌డేట్ మూడింటికి బయల్దేరుతుంది. అన్నాళ్లూ బాబాయ్ పెట్టిన అడ్డు వల్ల నాలుగున్నర దాకా ఆగేది, ఆ లోపు ఫ్యాక్టరీలో ఆ రోజు సరుకు తూకం అయిపోయేది. ఈసారి ఆగలేదు. తూకం కంప్యూటర్ పని మధ్యలో రీస్టార్ట్ అయి, గంట దాటినా లేవలేదు. భావనపాడు వైపు నుంచి వచ్చిన వ్యాన్లు గేటు బయట ఎండలో ఆగిపోయాయి. ఐసు కరిగి రోడ్డు మీదకి కారింది. ఒక వ్యాను సరుకు పారబోయాల్సి వచ్చింది. రాహువు ఎక్కడున్నాడో గానీ, నవ్వుకునే ఉంటాడు.

ఐదింటికి మేనేజరు ఫోన్ చేశారు. బాబాయ్ స్పీకర్ పెట్టాడు.

"ఆ సెట్టింగు నిన్న మీ లాగిన్‌తో తీసేసినట్టు ఉంది. ఎందుకు తీశారు?"

బాబాయ్ నా వైపు చూశాడు. ఆ సమయానికి తన సీట్లో ఎవరున్నారో ఆయనకి తెలుసు. నేను చూపు తిప్పుకున్నాను.

"గుర్తు లేదు సార్. సూసి సెప్తాను," అన్నాడు.

నేను నోరు విప్పలేదు. భయం వేసింది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టి ఇప్పుడు తప్పించుకోను.

మర్నాడు పొద్దున్నే మేనేజరుకి నేనే ఫోన్ చేశాను.

"సార్, అది తీసేసింది నేను."

"రికార్డులో ఆయన పేరుంది కదండీ."

"ఆయన సీట్లో కూర్చుని నేనే చేశాను సార్."

"అలాగైతే నిన్న ఎందుకు చెప్పలేదు? ఆయన మీద జాలితో ఈవేళ చెప్తున్నారు."

గొంతు చించుకున్నాను. మేనేజరు ఏజెంటుని అడిగి చూశారట, అది కూడా బాబాయ్ పేరే చెప్పిందట. చేసిన మనిషి నేనే చేశానని మొత్తుకుంటుంటే నమ్మరు, మనిషికీ సీటుకీ తేడా తెలియని దాని మాట నమ్ముతారు! ఉత్తరాలు కూడా రాశాను. అన్నిటికీ ఒకటే జవాబు, పరిశీలిస్తామని.

మార్చిలో బాబాయ్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు సొరుగు ఖాళీ చేసుకుంటుంటే పక్కన నిలబడ్డాను.

"నేనే చేశానని సార్‌కి చెప్పాను బాబాయ్. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు."

"సెప్పినావని తెలుసమ్మా," అన్నాడు, సంచీ జిప్పు లాగుతూ. "మంగళవారమే సెప్పుంటే నమ్మీవోడు."