రాయా, ఎముకా

మా మేనత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హోసూరులో డ్యూటీలో ఉన్నాను. మా ఊరు తళికి పోయే బస్సెక్కి కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

అత్త తిమింగలాల పూర్వీకుల ఎముకలు చదివిన మనిషి. నాలుగు కాళ్ళతో నేలమీద తిరిగిన జంతువు మెల్లగా నీళ్ళకు అలవాటుపడి తిమింగలమైందని, ఆ మార్పు చెవి ఎముకలో తెలిసిపోతుందని మీరు అడగకపోయినా చెప్పేది. ఉద్యోగమంతా ఆ చెవుల వెనకే గడిచింది. ఏటా చలికాలం ఆ ఎముకల కోసం గుజరాత్‌లోని కచ్‌కు పోయి, ఎండకు నల్లబడి వచ్చేది. పెళ్ళి మాటెత్తినవాళ్ళు ఎత్తి ఎత్తి అలసిపోయారు.

మా వైపు ఆమెకు పనేమీ లేదు. చిన్నప్పుడు కెలవరపల్లి డ్యాము దగ్గర, తిమింగలం ఎముకలు ఇక్కడ దొరకవా అని అడిగాను.

"మన బండలు పుట్టినప్పుడు ఎముకలుండే ప్రాణే లేదప్పా. ఈడ ఎతికితే కాళ్ళనొప్పులే దొరికేది" అనింది.

తెలియనిదాన్ని తెలియదనడం, తెలిసేదాకా వదలకపోవడం నాకు ఆమె పెట్టిన భిక్షే.

పాత ఎముక ముక్కను నాలుకకు ఆనిస్తే అంటుకుంటుంది. అందులో కంటికి కనపడని రంధ్రాలు తడిని పీల్చుకుంటాయి. మామూలు రాయైతే జారిపోతుంది. రాయా ఎముకా అని తేల్చుకోవడానికి వాళ్ళ పనిలో అందరూ చేసేదే. మా అమ్మ మాత్రం మొహం తిప్పుకునేది. యాడ పడిందో ఏమో, దాన్ని నోట్లో పెట్టుకుంటావా వదినా అని గొణిగేది. అత్త నవ్వి, ఆ నోటితోనే కాఫీ అడిగేది.

రిటైరై మా ఇంట్లో ఉంటూ, పోయిన చలికాలం మళ్ళీ కచ్‌కు పోయొచ్చింది. చెవులు చాలా దొరికాయిగాని ఆ జంతువు మడమ ఎముక ఆమెకెప్పుడూ చిక్కలేదు. ఈసారి చీకటిపడే వేళ మడమ ఎముకలా ఉన్న, మట్టి పట్టిన ముక్క ఒకటి ఏరింది. ఇంట్లో కడిగి చూసుకుందామని దూదిలో చుట్టి తెచ్చింది. ఇంటికొచ్చిన వారానికే పక్షవాతం వచ్చింది. మాట పోయింది, నాలుకకు స్పర్శా పోయింది.

అమ్మ చేత కడిగించుకున్న ఆ ముక్కను నోటికి ఆనించుకునేది. అంటిందో లేదో తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తర్వాత దాన్ని అమ్మ వైపు చాచేది. గొంతులో అడ్డంపడుతుందన్న భయంతో అమ్మ లాక్కొని కిటికీలో పెట్టేది. అత్త ఏమడుగుతోందో మాకెవరికీ తట్టలేదు.

ఆ చలికాలం కచ్‌లో అత్తకు తోడున్న శిష్యురాలు చివరిచూపుకు వచ్చి అమ్మను అడిగింది. "ఆ ముక్క నాలుకకు అంటుకునిందా అమ్మా? మేడమ్ కనుక్కునిందా?"

అమ్మ కిటికీ వైపు చూసింది.

చివరిసారి అత్త నోట్లో బియ్యం వేయడానికి అందరం వరుసగా నిలబడ్డాం. తన వంతు వచ్చాక అమ్మ లోపలికి పోయి, కిటికీలోని ముక్క తెచ్చింది. అందరి ముందూ నాలుక చాపి దానికి ఆనించి, చెయ్యి వదిలేసింది. ముక్క పడలేదు.

దాన్ని ఊడబెరుక్కొని అత్త చెవి దగ్గరకు వంగింది.

"వదినా, అంటుకునింది. ఎముకే."

వెనక వాళ్ళు పిలుస్తున్నా లేవకుండా, జవాబు కోసం అమ్మ అలాగే వంగి ఉండిపోయింది.