బుట్టకి ముఖం ఉండదు

డాక్టర్ వగ్దీ గారికి ఉన్నది ఒకటే జబ్బు, అనుమానం. ఇంబాబా పేట సందులో మందుల షాపాయన్ని కూడా డాక్టరనే అంటారు. ఆయన షాపుకి వెళ్లినవాడు మందుతో తిరిగొస్తాడో లేదో గానీ, పరీక్ష ఇచ్చి రావడం మాత్రం ఖాయం. దగ్గుమందు అడిగితే "ఏదీ, దగ్గు" అంటాడు. దగ్గితే "ఇది గొంతులోది, నాకు ఛాతీలోది కావాలి" అంటాడు. నడుంనొప్పి అన్నవాణ్ణి వంగమంటాడు. వంగితే నొప్పి లేదంటాడు, వంగకపోతే నటనంటాడు.

ఆ సందులో ఆడవాళ్లు మేడమీంచి తాడుతో బుట్ట దింపుతారు. రొట్టెలవాడు రొట్టెలు వేస్తాడు, కూరలవాడు టమాటాలు వేస్తాడు. వగ్దీ మాత్రం నొప్పి మాత్ర వెయ్యడు.

"బుట్టకి ముఖం ఉండదు. ఎవరి కళ్లలోకి చూసి ఇవ్వను?" అంటాడు.

మినహాయింపు నాలుగో అంతస్తు నజాహ్ అత్తకే. తుంటి ఆపరేషనై కిందికి దిగలేదు. ఆవిడైనా బాల్కనీలో ముఖం చూపించాల్సిందే.

ఆవిడ మేనల్లుడు బయ్యూమీకి వగ్దీ అంటే ఒళ్లుమంట. తను నడిపే టుక్‌టుక్ ఆటో తిరగబడి అతని కాలు విరిగినప్పుడు ఆసుపత్రివాళ్లు గట్టి నొప్పి మాత్రలు రాసిచ్చారు. అవి ఎలా మానాలో మాత్రం ఎవరూ రాసివ్వలేదు. ఎముక అతుక్కుంది, మాత్ర వదల్లేదు. అది పడకపోతే బండి కదలదు, బండి కదలకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"కాలునొప్పి, డాక్టర్ గారూ."

"ఏ కాలు?"

"కుడిది."

"మొన్న ఎడమకాలు కుంటుతూ వచ్చావే."

"రెండూ."

"మూడోది మొలిచాక రా."

సందంతా నవ్వింది. మాత్రలు అయిపోయిన మర్నాటి మధ్యాహ్నం, అత్త నిద్రపోతుంటే, బయ్యూమీ ఆవిడ నల్ల ముసుగు కప్పుకున్నాడు. ఆవిడ నొప్పి మాత్రల చీటీ బుట్టలో పెట్టి దింపాడు.

వగ్దీ తలెత్తాడు. "నజాహ్ అమ్మా, చెయ్యి ఊపు."

ఊపాడు.

"ఆవలిస్తున్నావేం?"

"నిద్ర నాయనా," అన్నాడు బయ్యూమీ సన్నగా.

"ముక్కు తుడుచుకుంటున్నావేం?"

"జలుబు."

"ఈ ఎండలో?"

బుట్ట లాగితే ఖాళీగా వచ్చింది. కింద షట్టర్ దబ్బున పడింది, పండగనాడు కూడా మూయని షట్టర్. మెట్లమీద అడుగులు వినిపించాయి. ఇక పోలీసులే అనుకున్నాడు బయ్యూమీ.

వచ్చింది వగ్దీ ఒక్కడే. ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి మోకాలిమీద, కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు. బయ్యూమీ మణికట్టు పట్టుకుని చూశాడు, కంటిరెప్ప లాగి చూశాడు. మొదటిసారి దగ్గమనలేదు, వంగమనలేదు.

"ఆ ఆవలింతలూ, ఆ జలుబూ మాత్ర ఆగినవాడివి. అయిపోయాయా?"

"నిన్ననే." బయ్యూమీ ముసుగు అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. "అత్తవి కాజేద్దామనుకున్నా."

"కాజేస్తే ఈ రాత్రి ఆవిడ ఏడ్చేది, నువ్వు ఎల్లుండి మళ్లీ ఏడ్చేవాడివి. ఇది ఒక్కసారిగా ఆపేది కాదయ్యా. బుట్ట దింపినట్టు మెల్లగా దింపాలి. అది తెలిసిన డాక్టరున్నాడు, నాతో చదువుకున్నవాడు. పద, నేనూ వస్తా."

"షాపు?"

"షాపెక్కడికీ పారిపోదు. నువ్వు పారిపోతావని అనుమానం. ముందా ముసుగు తియ్యి. ఇలా నా పక్కన నడిస్తే మా ఆవిడకి నామీద అనుమానం."

దిగుతుంటే మెట్టుమెట్టుకీ వగ్దీ మూలుగుతున్నాడు.

"షాపునిండా మాత్రలే కదా డాక్టర్ గారూ. ఒకటి మింగొచ్చుగా?"

"ఎవరిస్తారు? అక్కడ అమ్మేది నేనే. నామీద నాకు నమ్మకం లేదు."

బయ్యూమీ ఆగాడు. "ఏ మోకాలు?"

"రెండూ."

"మూడోది మొలిచాక చెప్పండి," అని భుజం అందించాడు.

వగ్దీ ఆ భుజాన్ని కాసేపు అనుమానంగా చూసి, పట్టుకున్నాడు.