మగ్గాల మోతకు నాలుగు వాట్లు

పోయినవి ముందు చెప్పేస్తాను. ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు వాల్వులు, టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర కొన్న పెద్ద స్పీకరు, మూతపడిన టూరింగ్ టాకీసు నుంచి తెచ్చిన పాత స్పీకర్ల జత, లెక్కకు అందనన్ని ఆదివారాలు. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఈ వరసలో ఎక్కడ చేర్చాలో తెలియదు.

డెబ్బైల చివర్లో మేము వరంగల్ కొత్తవాడలో ఉండేవాళ్లం. నేను రోజూ రైల్లో పోయి కేసముద్రం మార్కెట్లో పత్తి తూకాలు రాసే గుమాస్తాను. నా భార్య ఇంట్లోనే జంపఖానాలు నేసేది. పంజాతో నూలును కొట్టి బిగించే చప్పుడు మా ఇంట్లోనే కాదు, వీధి పొడుగునా. ఆ మోతలో ట్రాన్సిస్టరు వినబడేది కాదు.

"నేసుకుంట పాట ఇనాలె. గంతే," అనేది.

పాత రేడియో విప్పి, ఎవరూ నేర్పకుండానే ఒక వాల్వు యాంప్లిఫయరు కట్టాను. బలం నాలుగు వాట్లు. దానికి నలభై వాట్ల టెంట్‌హౌస్ స్పీకరు తగిలించాను. పెద్దది కనుక పెద్దగా మోగుతుందనుకున్నాను.

"గింత లావు డబ్బా తెచ్చినవ్, గిదేమో చాడీలు చెప్పినట్టు గుసగుసలాడుతాంది," అంది ఆమె.

లెక్క మళ్లీ చేశాను. నలభై అనేది అది తట్టుకునే బలమే కానీ ఇచ్చే గొంతు కాదు. నీరసపు యాంప్లిఫయరుకు తేలికైన స్పీకరు కావాలి. మూతపడిన టాకీసు నుంచి తెచ్చిన స్పీకర్ల గరాటు కాగితం ఊదితే కదిలేది. ఒక్కొక్కటి పదహారు ఓములు. నా యాంప్లిఫయరుకు ఎనిమిది కావాలి. రెంటినీ సమాంతరంగా కలిపితే సరిగ్గా ఎనిమిది. కాగితం చిరిగినచోట గుడ్డముక్కను గంజితో ఆమే అంటించింది. ఆ సాయంత్రం పాట మగ్గాల మోతను దాటి వీధిలోకి పోయింది.

అప్పటినుంచి ఆమె రేడియోలో కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు రాయడం మొదలుపెట్టింది. పాటకు ముందు అడిగినవాళ్ల పేర్లు చదువుతారు కదా, తన పేరు ఒక్కసారి వీధి వినాలని ఆమె ఆశ.

ఒక సెలవునాడు ఆమె అడిగిన పాటే ప్రకటించారు. తొర్రూరు వాళ్ల పేర్లు అయ్యాయి. "వరంగల్, కొత్తవాడ నుంచి" అన్నారు. అప్పుడే మలుపులో డప్పులు మోగాయి. మా వీధిలో శవం పోతుంటే మగ్గాలు, రేడియోలు ఆపేస్తారు. ఎదురింటి పెద్దాయన అరుగు మీద నుంచి చేయి ఊపాడు.

"బంద్ జెయ్ బిడ్డా! శవమొస్తాంది."

స్విచ్ తీస్తే వాల్వు చల్లబడుతుంది, మళ్లీ వేడెక్కేసరికి పాట అయిపోతుంది. అరిగిన వాల్యూం బటన్ పూర్తిగా తగ్గదు. అందుకని స్పీకర్ల తీగ లాగేశాను. శవం దాటగానే తగిలిస్తే పాట చివరైనా దక్కుతుందని నా లెక్క. వాల్వు యాంప్లిఫయరు నిండుగా మోగుతున్నప్పుడు స్పీకరు తీయకూడదని అప్పటికి తెలియదు. బయటికి పోయే దారిలేక ఆ బలమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడుతుంది. డబ్బా లోపల నీలంగా మెరిసింది. వార్నిష్ కాలిన వాసన. డప్పులు దాటాక తీగ తగిలిస్తే ఏమీ పలకలేదు.

"నా పేరు జెప్పిండ్రా?" అంది ఆమె.

"ఏమో. ఎవరినన్నా అడుగుదాం."

"ఎవర్నడుగుతవ్? ఇనేటోళ్లంతా శవానికి మొక్కుతాండ్రు."

ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించాను, చుట్లు తప్పాయి. పాత వాల్వు కూడా కాలింది, కొత్తది వేస్తే అదీ పోయింది. అటక మీద పెట్టిన స్పీకర్లను ఎలుకలు కొరికాయి. ఎనభైల్లో టేపురికార్డరు కొని, ఆ పాట ఉన్న క్యాసెట్ తెచ్చి పెట్టాను. ఆమె పంజా ఆపకుండానే విన్నది.

"మంచిగనే ఉన్నది. గని గిది దుకాణంల కొన్నది. గిండ్ల నా పేరుంటదా?"

మళ్లీ కార్డు రాయలేదు. రాయమని నేనూ అనలేదు. ఎప్పుడైనా నేను ఏదో ఒక లెక్క సరిపోయిందని సంబరపడితే, ఆమె ఒక వేలు ఎత్తి చూపిస్తుంది. ఇవాళ కూడా చూపించింది. బాకీ అంతే. ఒక పేరు.