మందార మొక్కలూ, మా బావమరిది తీర్పూ

కాలేజీలో పాతికేళ్ళకు పైగా స్టాటిస్టిక్స్ చెప్పాను. "ఆధారం చాలలేదు" అనడానికీ "తేడా లేదు" అనడానికీ మధ్య ఎంత దూరముందో పిల్లలకు చెప్పీ చెప్పీ గొంతు పోయింది. రిటైరయ్యాక ఆ బాధ తప్పిందనుకున్నాను. కడియంలో మా బావమరిదికి నర్సరీ ఉందన్న సంగతి మరిచిపోయాను.

తొంభైల చివర్లో ఒక శీతాకాలం అతని భార్య, నాకు చెల్లెమ్మ వరస, పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పారేసే కొబ్బరి పొట్టు తెప్పించింది. దాన్ని నానబెట్టి, కడిగి, మాగబెట్టి, ఎర్రమట్టిలో కలిపి మందార కొమ్మలు నాటింది. ఒట్టి మట్టిలో కంటే ఇందులో బాగా లేస్తాయని ఆమె నమ్మకం. బావమరిదికి ఆ నమ్మకం లేదు. వానలు పడేలోగా నర్సరీ మొత్తానికి ఏది వాడాలో తేలాలి. తేలకపోతే ఆమె చాకిరీ అంతా పెంటకుప్ప పాలే.

తేల్చమని నన్ను పిలిచారు. ఒకే కొమ్మను రెండు ముక్కలు చేసి, ఒకటి పొట్టులోనూ ఒకటి మట్టిలోనూ పెట్టిన జతలు ఎనిమిది ఉన్నాయి. ఆరు జతల్లో పొట్టుదే పొడుగు. కానీ రూపాయి బిళ్ళ ఎనిమిదిసార్లు ఎగరేసినా ఆరుసార్లు బొమ్మ పడటం పెద్ద వింతేం కాదు. "ఇంత చిన్న లెక్కతో తేడా ఉందని చెప్పలేమయ్యా" అన్నాను.

సాయంత్రానికి చుట్టుపక్కల నర్సరీలన్నిటికీ చాటేశాడు: "మా బావగారు తేల్చేశారండీ, తేడా లేదంట!"

చెల్లెమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మీరే అలా అంటే ఎలాగండీ? పొట్టంతా గట్టు మీద పారబోయించమంటున్నారు ఈయన."

"నేను అలా అనలేదమ్మా!"

మర్నాడే రాజమండ్రిలో బస్సెక్కాను. "ఏమయ్యా, కరెంటు పోయినప్పుడు ఉంగరం వెతికి, దొరకలేదు గనక అసలు ఉంగరమే లేదంటావా?" అని అడిగాను.

"దొరకనప్పుడు లేనట్టే కదండీ బావగారూ" అన్నాడు నవ్వుతూ.

నవ్వు రాలేదు నాకు. చిన్న పరీక్షకు చూపు తక్కువ. తేడా నిజంగా ఉంటే, మొక్కల సంఖ్య పెంచేకొద్దీ అది కంటికి ఆనక తప్పదు. ఈ ముక్క అతనికి బోధపడేసరికి మధ్యాహ్నం అయింది. చివరికి పెద్ద మడి వేయించాను. ఏ వరస పొట్టుకో చీటీలు తీసి, ఆ వరసల మొదట పుల్లలకు ఎర్రగుడ్డ కట్టించాను. మందార కొమ్మలు సగటుకు లొంగవు. కొన్ని కుళ్ళిపోతాయి, ఒకటో రెండో ఎగబాకుతాయి. అందుకే మొక్కలన్నిటినీ పొడుగు వరసలో పేర్చి, పొట్టువి ముందున్నాయో మట్టివి ముందున్నాయో చూసే పరీక్ష చాలనుకున్నాను.

కొలవాల్సిన రోజు టేపు తీసుకుని వెళ్ళాను. మడి నిండా బొక్కలు. తెల్లవారుజామునే ఒరిస్సా లారీ వచ్చిందట. బేరగాళ్ళు మంచివి ఏరుకుని పట్టుకుపోయారు.

"కొలవకుండా ఎందుకు అమ్మావయ్యా?"

"వచ్చిన బేరం పోగొట్టుకుంటామా? మిగిలినవి బోలెడున్నాయి, కొలవండి!"

మిగిలినవన్నీ మరుగుజ్జులు. వాటిని కొలిస్తే పొట్టుకూ మట్టికీ తేడా లేదనే వస్తుంది, ఆ మాటా ఊరంతా చాటుతాడు. చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. టేపు జేబులో పెట్టేసి మడి గట్టున కూలబడ్డాను.

కాసేపటికి ఆ బొక్కల వైపే చూస్తూ అడిగాను. "బేరగాళ్ళు పొడుగు చూసే ఏరారా?"

"పొట్టివి ఎవడు ఏరతాడండీ?"

అయితే పోయినవన్నీ ఉన్నవాటికంటే పొడుగు. ఎన్ని అంగుళాలో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. నా పరీక్షకు వరస తెలిస్తే చాలు. ఎర్రగుడ్డ వరసలు దాదాపు ఖాళీ. మట్టి వరసల్లో బొక్కలు అక్కడక్కడా ఉన్నాయి. కూర్చుని లెక్క కట్టాను. ఈసారి బొమ్మాబొరుసుల మీదికి నెట్టేసే వీలు లేదు.

"తేడా ఉందమ్మా" అన్నాను. ఆమె లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది.

"ఇదేదో మొదటే చెప్పొచ్చుగా బావగారూ! అప్పుడేమో లేదన్నారు" అన్నాడు బావమరిది.

ఆ రాత్రి డైరీలో తేదీ వేసి, మరేమీ రాయలేక మూసేశాను.

వారం తిరక్కుండా అతనే ఫోన్ చేశాడు. పొట్టు ఇంకో లారీ దింపించాడట. "ఇక గులాబీలకీ పొట్టే, బొప్పాయికీ పొట్టే, కాక్టస్‌కీ పొట్టే. బావగారు తేల్చేశారని అందరికీ చెప్పేశానండీ!"

"నేను చెప్పింది మందార గురించయ్యా! పొట్టులో నీళ్ళు నిలుస్తాయి, కాక్టస్ కుళ్ళి చస్తుంది. ఫోన్ చెల్లెమ్మకివ్వు."

ఆమె గొంతు తగ్గించింది. "కంగారుపడకండి అన్నయ్యగారూ. కాక్టస్ కుండీలన్నీ నేను పెరటివైపు దాచేశానండీ."