టీవీకి గడ్డి వేసిన గుంట

ఆ రోజుల్లో మా కొండల మీద వాన పట్టిందంటే మనిషి మొహం కనపడేది కాదు. అరకు పైన కాఫీ తోటల మధ్య ఒక గెస్టుహౌసులో నేను వంటమనిషిని. అప్పటికింకా పడుచుపిల్లని, మా వైపు మాటలో గుంటని. వానల్లో చుట్టాల్లేరు, టూరిస్టుల్లేరు, వండిపెట్టడానికి నోళ్ళే లేవు. ఒంటరిగా ఉంటే ధైర్యం వస్తుందంటారు కొందరు. అబద్ధం, పిచ్చి వస్తుంది. హాల్లో టీవీ ఒకటుండేది. ఆదివారం సాయంత్రం అందులో ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక నానమ్మ. ఎక్కడ నవ్వాలో కనపడని జనమెవరో ముందే నవ్వి చెప్పేవారు, వాళ్ళ వెనకే నేనూ నవ్వేదాన్ని. (అప్పటికి నాకు అక్షరాలు రావు. చివర్లో ఏవేవో పేర్లు పైకి పాకుతుంటే చీమలబారు అనుకునేదాన్ని.) వారమంతా నాతో మాట్లాడిన కుటుంబం అదొక్కటే.

ఒక ఆదివారం వాళ్ళ ఇల్లు కాలిపోయింది. నవ్వులాటకు కాదు, నిజంగానే మంటలు, ఏడుపులు. కనపడని జనం కూడా నోరు మూసుకున్నారు. నానమ్మ సగం కాలిన దుప్పటి కప్పుకుని వీధి మెట్ల మీద కూర్చుంది. ఆ వీధిలో ఒక్కడూ తలుపు తీయలేదు. ఆ వారం ఆట అక్కడితో ఆగిపోయింది. నాకు అన్నం సయించలేదు. మా కొండల్లో ఇల్లు కాలిందని తెలిస్తే, కొత్త కప్పు వేసుకోడానికి ఇంటికో గడ్డిమోపు పట్టుకెళ్ళాలి. కాలినవాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా అని చూడరు. తెలిసి వెళ్ళనివాడిని తర్వాత ఎవరూ పలకరించరు. తెల్లారి కొడవలి పట్టుకెళ్ళి కప్పుగడ్డి కోశాను. మోపు కట్టి తెచ్చి టీవీ ముందు పెట్టాను. సరిగ్గా అప్పుడే సరుకులు తెచ్చే జీపు డ్రైవరన్న లోపలికొచ్చాడు.

"ఏటే గుంటా, టీవీకి గడ్డేత్తన్నావు? పూటకెన్ని పాలిత్తాదేటి?"

"ఆళ్ళిల్లు కాలిపోనాదన్నా."

"ఎర్రి గుంటా, అది ఆటే! ఆళ్ళందరూ ఈపాటికి మసి కడుక్కుని బిరియానీ తింటుంటారు."

"ఆటని నాకూ తెల్సు. కాలడం కళ్ళారా సూసేను కదా. సూసీసి ఊరుకోమంటావేటి?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. సంతకెళ్ళి కనపడినవాడికల్లా చెప్పాడు. సంతలో మాట నోరు మారితే రూపు మారుతుంది. కింది ఊరికి చేరేసరికి టీవీ ఎగిరిపోయి, 'గెస్టుహౌసు గుంట ఇల్లు కాలిపోనాదట' అన్నంత మిగిలింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో చప్పుడైతే బయటికొచ్చాను. ఓ పదిమంది, నెత్తిన తడిసిన గడ్డిమోపులతో నిలబడి సిమెంటు స్లాబు వంక చూస్తున్నారు. ముందున్న ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏదే, ఏటి కాలింది?"

"నాది కాదత్తా... టీవీలో..." అని జరిగింది చెప్పాను. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"కొండెక్కి మోకాళ్ళు ఇరిగిపోనాయి. ఆ కాలినోళ్ళనైనా సూపించు మరి."

అందరూ హాల్లో కూర్చున్నారు. కాఫీ కాచి పోశాను. సాయంత్రం సీరియల్ మొదలైంది. ఇంటికి కొత్త రంగులు, అదే సోఫా, నాన్న జారిపడటం, కనపడని జనం నవ్వడం. కాలిన ఊసే లేదు. ముసలామె కాసేపు చూసి గయ్యిమంది: "ఆ నవ్వుతున్నోళ్ళు ఎవుల్రా? ఆళ్ళు ఒక్క మోపైనా ఎత్తుకొచ్చేరా?"

హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, పక్కనున్నావిడ భుజం మీద పడి మరీ. ఆ వానల్లో నాకు తగిలిన మొదటి మనిషి ఒళ్ళు అది.

చీకటి పడకుండానే కొండ దిగిపోయారు. ఇచ్చిన గడ్డి తిరిగి మోసుకుపోకూడదట, అది వాకిట్లోనే ఉండిపోయింది. మరుసటి ఆదివారం గిన్నెడు కాఫీ ఎక్కువే కాచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఏమీ కాలలేదు కదా, ఎందుకొస్తారు?

నాకిప్పుడు అరవై దాటాయి. రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చాను, ఆ చీమలబారు చదవగలను. అయినా టీవీలో ఎక్కడైనా పొగ లేచిందంటే చాలు, లేచి వెళ్ళి ఒకసారి వాకిలి ఊడ్చి వస్తాను, మోపులు దించడానికి చోటుండాలి కదా.