కంప కాడ ఓబమ్మవ్వ

ఓబమ్మవ్వకు ఒకటే జబ్బు. దేవుడికి తన మీద ఇంకా ప్రేమ ఉందో లేదో, తెల్లారేసరికి మళ్ళీ తేల్చుకోవాలి. అదీ బోధకుడు ప్రేమానందం నోటితోనే తేలాలి.

ధాత కరువు వెనకబట్టి, ఉదయగిరి పక్క పాలెంలో జనం మళ్ళీ పొయ్యిలు రాజేసుకుంటున్న రోజులవి. ప్రేమానందం ఇంట్లో పొయ్యి కన్నా ముందు అవ్వ గొంతు రాజుకునేది.

"నాయనా, ఈ పొద్దు ఉండాదా?"

"ఏందవ్వా?"

"దేవుడి ప్రేమ."

"ఉండాది. నిన్న చెప్పినా గదా."

"నిన్న కూడు తిన్నావు గదా, ఈ పొద్దు మానేస్తావా?"

ప్రేమానందానికి ఒళ్ళు మండిపోయేది. యేసు ఒక్కసారి ప్రాణం పెట్టాడు, అది ఎప్పటికీ చాలు అని గొంతు చించుకుని బోధిస్తున్నాడే, పాలెమంతా తలలూపుతోందే, ఈవిడకు మాత్రం ఏ పూటకాపూట వడ్డించాలా?

పైగా షరతులు. ప్రార్థన కొట్టంలో చెబితే చెల్లదు, పెరట్లో ముళ్ళకంప దాకా రావాలి. మెల్లగా చెబితే అసలే చెల్లదు. "గట్టిగా చెప్పు నాయనా, నాకు చెవుడు" అనేది. పాపం, వానలో తడుస్తూ అరిచాడు. జ్వరంలో దుప్పటి కప్పుకుని అరిచాడు. ఆత్మకూరులో సభకు బయల్దేరిన బండిని ఆపించి మరీ అరిపిస్తే ఎద్దులు బెదిరిపోయాయి.

ఒకనాడు ఇంట్లో భార్య శీనమ్మ చెవిలో గొణిగాడు. "ఈ ముసలమ్మ నా ప్రాణం తోడేస్తా ఉండాది."

"తోడెయ్యనులే నాయనా," అని కంప దగ్గర నుంచి జవాబు వచ్చింది.

అంతే, బోధకుడు దూసుకుంటూ వెళ్ళాడు.

"చెవుడన్నావే. అబద్ధాలాడతా దేవుడి ప్రేమ అడగతావా? నీకు నమ్మకం లేదు. రేపటి నుంచి రాబాక."

అవ్వకు అంతకన్నా కోపం వచ్చింది. "నా నమ్మకానికేం, రాయి మాదిరి ఉండాది. నమ్మలేని మనిషి కంప అవతల ఉండాది, చూడు."

చూశాడు. వరదమ్మ తలొంచుకుని కూర్చుని ఉంది. బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు భయపడి పోలేరమ్మకు కోడినిచ్చిందని సంఘం ఆమెను వెలేసింది. ఆ తీర్మానం చదివింది ప్రేమానందమే. బిడ్డ బతికింది గానీ, దేవుడు తనను వదిలేశాడని తల్లి కుమిలిపోతోంది.

"కొట్టంలోకి మీరు రానీరు. అడగబోతే ఆమెకు మొగం చెల్లదు. నేనడిగితే ఎవురు కాదంటారు?" అంది అవ్వ.

ప్రేమానందం కోపం తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది. కంప మీదికి వంగి, ఎద్దులు బెదిరేంత గట్టిగా చెప్పాడు.

"వరదమ్మా, ఈ పొద్దూ ఉండాది. వెలేసింది మేము, ఆయన కాదు. ఆదివారం బిడ్డనెత్తుకుని కొట్టంలోకి రా. పెద్దలతో నేను మాట్లాడతా."

వరదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది.

మర్నాడు ఇంక ఆ గోల లేదని ప్రేమానందం హాయిగా ముసుగు తన్నాడు.

"నాయనా, ఈ పొద్దు ఉండాదా?"

"వరదమ్మకు చెప్పినా గదవ్వా."

"ఆమెకు చెప్పినావు. మరి నా సంగతేంది?"

దుప్పటి విసిరేసి, కంప దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ గొంతెత్తి అరిచాడు.

అవ్వ చెవులు మూసుకుంది. "అంత అరుపెందుకు నాయనా? నాకేమన్నా చెవుడా?"