గిటారు సంచి ముందు జేబు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి తెనాలిలో మా బ్యాంకులో నా కుర్చీలో కూర్చున్నానో లేదో, రేపల్లె నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. బావమరిది అంటే మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు చిన్న, పెళ్ళికో చావుకో తప్ప ఫోన్ చేసే అలవాటు లేనివాడు. "అమ్మాయికి టీచరుద్యోగం వచ్చింది బావా. గురువారం గుంటూరులో సర్టిఫికెట్లు చూస్తారంట. నువ్వు కూడా రావాలి మాతో" అన్నాడు. కారు తెస్తానంటే వద్దన్నాడు. తామిద్దరూ రేపల్లె బండిలో తెనాలి దాకా వస్తామనీ, నన్ను స్టేషన్లోనే ఉండమనీ, అక్కడ గుంటూరు బండి ఎక్కుదామనీ చెప్పాడు. చాలా సంతోషంరా అన్నాను. నిజంగానే సంతోషించాను. కానీ ఫోన్ పెట్టేసిన తర్వాత ఎదురుగా నిలబడ్డ పెద్దాయన ఫారం మీద ఆయన సంతకం పెట్టాల్సిన చోట నా సంతకం పెట్టాను, ఆ సాయంత్రం దాకా ఏ పనీ తిన్నగా చేయలేకపోయాను.

నేను ఒకప్పుడు రాక్ సంగీతం వాయించానంటే మా బ్రాంచిలో ఎవరూ నమ్మరు. నున్నటి తల, చొక్కా జేబులో రెండు పెన్నులు, బీపీ మాత్రలు, ఇవి తప్ప వాళ్ళకు నాలో ఇంకేమీ కనిపించదు, కనిపించాలని నేనూ కోరుకోలేదు. కానీ రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్ళలో నాకు భుజాల దాకా జుట్టుండేది, దాన్ని చూసి మా నాన్న రోజూ అన్నం ముందు కూర్చుని ఒక్కసారైనా తల పట్టుకునేవాడు. తెనాలిలో నేను గిటారు, పాట. బాపట్లలో ఉండే మా పిన్ని కొడుకు, అంటే నాకు తమ్ముడు, బేస్ గిటారు. రేపల్లెలో బావమరిది డ్రమ్స్. ముగ్గురం లూథరన్ ఇళ్ళలో పుట్టిన పిల్లలం కాబట్టి గిటారు పట్టుకోవడం, తాళం తప్పకుండా కొట్టడం గుళ్ళో క్వయర్‌లోనే నేర్చుకున్నాం, ఆ తర్వాత గుడికి పనికిరాని పాటలు మొదలుపెట్టాం. మూడు ఊళ్ళ వాళ్ళం కదా అని బ్యాండుకు 'త్రీ టౌన్' అని పేరు పెడితే, మొదటి ప్రోగ్రాంకి బోర్డు రాసిన పెయింటరు అది పోలీస్ స్టేషన్ పేరులా ఉందండి అన్నాడు. అతనికి తెలిసినంత కూడా మాకు తెలియలేదు.

ప్రతి ఆదివారం గుడి అయిపోగానే నేను, తమ్ముడు రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్ళం. వేమూరు, భట్టిప్రోలు దాటుతూ, రెండు పక్కలా పచ్చటి వరిచేలు చూస్తూ, గేటు దగ్గర కూర్చుని మేం రాసుకున్న పాటలు మేమే పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. మేనత్త వాళ్ళ ఇంటి వెనుక రేకుల షెడ్డులో డ్రమ్ములు ఉండేవి, ఒక మూల గేదె ఉండేది. ఈ మోతకి గేదె పాలు చేపడం మానేసిందని మేనత్త తిట్టేది, తిడుతూనే చేపల పులుసు వడ్డించేది. మామయ్య లేడు. ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తూ ఒక్కగానొక్క కొడుకుని టీచర్ ట్రైనింగ్ చదివించింది. వాడి చేతుల్లో ఏముందో నాకు తెలుసు గానీ, ఆవిడకి వాడి మీద ఏ ఆశ ఉందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక మా నిర్ణయాలు చెప్పాలి. గొప్ప గొప్ప రాక్ వాద్యగాళ్ళు కోరి చెడగొట్టుకున్న అవకాశాల గురించి పత్రికల్లో చదివినప్పుడల్లా నాకు మేమే గుర్తొస్తాం, కాకపోతే వాళ్ళకి చెడగొట్టుకోవడానికి పెద్ద పెద్ద అవకాశాలు ఉండేవి. పొన్నూరులో ఒక రైసు మిల్లు యజమాని కూతురి రిసెప్షన్‌కి పిలిస్తే, సినిమా పాటలు వాయించం, మా సొంత పాటలే వాయిస్తాం అన్నాను. మొదటి పాట సగంలో ఉండగానే పెళ్ళికొడుకు మేనమామ వచ్చి మైకు వైరు పీకేశాడు. ఇంకోసారి చీరాలలో క్రిస్మస్ పాటల క్యాసెట్టు చేస్తానని ఒకాయన వస్తే, డ్రమ్స్ వద్దు, కీబోర్డులో ఉన్న తాళం చాలు అన్నందుకు లేచి వచ్చేశాను. మిగతా ఇద్దరూ నా వెనకాలే వచ్చేశారు. నేను ఏమంటే అది. పెద్దవాడిని, పాటలు రాసేవాడిని, పైగా మాటకారిని. బావమరిదికి నోట్లో నాలుక లేదు, నేనేం చెప్పినా తల ఊపడమే. ఒకసారి సూర్యలంక బీచిలో ముగ్గురి చేతులూ గిటారు మీద పెట్టించి, ఎవరమూ ఉద్యోగంలో చేరకూడదని ఒట్టు వేయించాను. బైబిలు మీద వేయిస్తే మేనత్త చంపేస్తుందని గిటారుతో సరిపెట్టాను.

ఆ ఒట్టు తర్వాత నాలుగు నెలలకే మా నాన్న పోరు పడలేక నేను బ్యాంకు పరీక్ష రాశాను. పోరు పడలేక అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట. నిజానికి రాయాలనే రాశాను. ఎవరికీ చెప్పలేదు. అదే కాలంలో బావమరిది తల్లి కోసం డీఎస్సీ రాశాడు, వాడు మాత్రం రాసే ముందే నాకు చెప్పాడు, తప్పు చేసినవాడిలా తల వంచుకుని మరీ చెప్పాడు. వాడికి సెలెక్షన్ వచ్చింది. గుంటూరులో కౌన్సెలింగ్, మనిషి స్వయంగా వెళ్ళి ఊరు ఎంచుకోవాలి, వెళ్ళకపోతే ఆ ఉద్యోగం తర్వాతి వాళ్ళకి పోతుంది. సరిగ్గా ఆ రోజే విజయవాడలో ఒక టీవీ కార్యక్రమం వాళ్ళు కొత్త బ్యాండ్లను ఎంపిక చేస్తామన్నారు. ముందురోజు సాయంత్రం వాడు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, ఏం చేయమంటావు బావా అని అడిగాడు. ఉన్నట్టుండి, నువ్వేమన్నా పరీక్షలు రాశావా అని కూడా అడిగాడు. లేదురా అన్నాను. అప్పటికి మూడు రోజులుగా బ్యాంకు వాళ్ళ ఉత్తరం నా దగ్గరే ఉంది, రాయలసీమలో ఒక బ్రాంచిలో చేరమని. ఇంట్లో ఎవరి చేతికీ దొరక్కుండా దాన్ని గిటారు సంచి ముందు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మన వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, రేపల్లె నుంచి వచ్చినవాడు గుంటూరు వెళ్ళాలన్నా విజయవాడ వెళ్ళాలన్నా తెనాలిలో దిగి బండి మారాల్సిందే. ఆ ఉదయం బావమరిది బండి దిగేసరికి వాడి చేతిలో సర్టిఫికెట్ల ఫైలు ఉంది, తల్లి కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉంది, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గుంటూరు వెళ్ళడానికే బయలుదేరాడని చూడగానే అర్థమైంది. నేను మొదలుపెట్టాను. పలకలు, బలపాల మధ్య ముసలోడివైపోతావా అన్నాను, ఆ చేతులు దేవుడు బెత్తం పట్టుకోవడానికి ఇచ్చాడా అన్నాను, నువ్వు లేకపోతే బ్యాండే లేదన్నాను. ఈ చివరి మాట ఒక్కటే అందులో నిజం. వాడు నా గిటారు సంచి వైపు చూశాడు. "నా స్టిక్స్ నీ సంచిలోనే ఉండిపోయినట్టున్నాయి బావా" అన్నాడు అంతే. అవును, ఆదివారం ప్రాక్టీసులో పెట్టి మరచిపోయాడు. ముందు జేబులో చూసుకో అని సంచి వాడికిచ్చి నేను టీ తేవడానికి వెళ్ళాను. ఆ జేబులో ఇంకేముందో ఆ క్షణంలో నాకు గుర్తు లేదు, నా ఉపన్యాసం మీద నాకు అంత మోజు.

టీ గ్లాసులతో తిరిగి వచ్చేసరికి వాడి చేతిలో స్టిక్స్ ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది. బాపట్ల వైపు నుంచి విజయవాడ బండి వచ్చి ఆగింది, తమ్ముడు తలుపు దగ్గర వేలాడుతూ రండ్రా రండ్రా అని అరుస్తున్నాడు. "పద బావా, విజయవాడే పోదాం" అన్నాడు బావమరిది. నా మాటల బలం చూసుకుని నేను మురిసిపోయాను. గుంటూరు బండి పక్క ప్లాట్‌ఫారం మీద ఇంకా నిలబడే ఉంది.

విజయవాడలో మా వంతు వచ్చింది, రెండు పాటలు వాయించాం. ఎంపిక చేసే ఆయన డ్రమ్స్ కుర్రాడు చాలా బాగున్నాడని అందరి ముందూ అన్నాడు, ఇప్పుడు ఏదైనా ఒక్క సినిమా పాట మీ పద్ధతిలో వాయించండి బాబూ అని మర్యాదగానే అడిగాడు. మేం సినిమా పాటలు వాయించమండి అన్నాను. బావమరిది నా వైపు చూశాడు, ఒక్కసారికి వాయిద్దాం బావా అని మెల్లగా అన్నాడు కూడా. నేను గిటారు సంచిలో పెట్టేశాను. పెద్ద కళాకారుడిలా తలెత్తుకుని బయటికి నడిచాను. ఆ మాట అనడానికి నాకంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నా భుజానికే వేలాడుతోంది. ఎక్కడికీ పోవడానికి దారి లేనివాడినైతే ఆ రోజు ఏ పాట అడిగితే ఆ పాట వాయించి ఉండేవాడిని.

ఆ తర్వాత పదకొండో రోజున నేను జుట్టు కత్తిరించుకుని రాయలసీమ బండెక్కాను. బావమరిదికి చెప్పే మొహం లేక చెప్పలేదు. మా నాన్న ఆ రోజే పట్టరాని సంతోషంతో చుట్టాలందరికీ స్వీటు ప్యాకెట్లు పంపితే, సాయంత్రానికల్లా ఒకటి రేపల్లెకీ వెళ్ళింది. వాడికి అలా తెలిసింది. తమ్ముడు బాపట్లలో జిరాక్సు షాపు పెట్టుకుని కులాసాగానే ఉన్నాడు, వాడి గురించి నాకు బెంగ లేదు. బావమరిది మాత్రం మళ్ళీ డీఎస్సీ రాశాడు, రాలేదు, మళ్ళీ రాశాడు, రాలేదు. మరుసటి ఏడాది పెళ్ళయింది, కూతురు పుట్టింది. కొన్నాళ్ళు విద్యా వాలంటీరుగా, ఆ తర్వాత ప్రైవేటు స్కూళ్ళలో, ఒక్కోచోట ఒక్కో ఏడాది, పిల్లలకి లెక్కలు చెబుతూ పంద్రాగస్టుకి డ్రిల్లు డ్రమ్ము నేర్పిస్తూ బతుకు వెళ్ళదీశాడు. సెలవుల్లో నేను రేపల్లె వెళితే మేనత్త నాకు ఆవకాయ జాడీ కట్టిస్తూ, నా ముందే కొడుకుతో, "మీ బావని చూసి బుద్ధి తెచ్చుకోరా, చక్కగా ఉద్యోగం చూసుకున్నాడు. ఇంటికొచ్చిన లక్ష్మిని నువ్వు కాలదన్నుకున్నావు" అనేది. వాడు పక్కనే నిలబడి జాడీకి గుడ్డ గట్టిగా కట్టేవాడు. నేను నోరు విప్పేవాడిని కాదు. ఆవిడ పోయిన రోజున కూడా, మట్టి వేస్తున్నప్పుడు కూడా, నోరు విప్పలేదు. ఇన్నేళ్ళలో ఆ పచ్చడి ముద్ద కలుపుకున్నప్పుడల్లా దొంగసొమ్ము తింటున్నట్టే ఉండేది, అయినా తినేవాడిని.

గురువారం పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాను. బావమరిది బండి దిగాడు, నెరిసిన జుట్టు, అదే తెల్ల చొక్కా రకం. ఫైలు ఈసారి మేనకోడలి చేతిలో ఉంది. ఆ పిల్ల "బాగున్నావా మావయ్యా" అని పలకరించి, నీళ్ళ సీసా కొనుక్కొస్తానని వెళ్ళింది. ఇద్దరమే మిగిలాం. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాట ఎలా మొదలైందో తెలియదు గానీ మొదలైంది. ఆ రోజు నా దగ్గర ఉద్యోగం ఆర్డరు ఉందిరా, పెట్టుకునే నీకు అబద్ధం చెప్పాను అన్నాను.

"తెలుసు బావా" అన్నాడు.

స్వీట్లు వచ్చాక తెలిసి ఉంటుందనుకున్నాను. కాదట. "స్టిక్స్ కోసం జేబు జిప్పు తీశాగా, అప్పుడే చూశా. నువ్వు చెప్పిందంతా విన్నాక కూడా గుంటూరే పోదామనుకున్నా బావా, అమ్మ గుర్తొచ్చి. ఆ కాగితం చూశాక ఆగిపోయా. బ్యాంకు ఉద్యోగం చేతిలో పెట్టుకుని కూడా ఒక్క మాట చెప్పుకోకుండా వదిలేసుకుని వస్తున్నాడు, మా బావంటే ఇదీ అనుకున్నా. ఆయనంత వదులుకుంటే నేను ఇంత వదులుకోలేనా అనిపించింది." చెప్పి నవ్వాడు, అందులో వెటకారం లేదు, ఉంటే బాగుండేది.

మరి అత్తయ్యకి ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "చెబితే నీకు పచ్చడి పెట్టేది కాదుగా" అన్నాడు. అంతలో అమ్మాయి వచ్చింది, ఇద్దరం మాటలు ఆపేశాం.

ఇప్పుడు అన్నీ మారాయి. రేపల్లె గుంటూరు జిల్లాలో లేదు, బాపట్లే ఒక జిల్లా అయి కూర్చుంది, టీచరుద్యోగాలకి మాత్రం ఇంకా పాత జిల్లా లెక్కే. గుళ్ళో కూడా డ్రమ్ముల బదులు అట్టపెట్టెంత ప్యాడు పెట్టుకుని వేళ్ళతో కొడుతున్నారు. రేకుల షెడ్డు పడగొట్టి బండ్లు పెట్టుకునే చోటు చేశారు. నా గిటారు అటక మీద ఉంది, సంచి చిరిగితే ఎప్పుడో పారేశాం. నేను ఇన్నేళ్ళూ మోసిన తప్పు కూడా ఆ పూట మారిపోయింది. నా మాటకారితనం వాడిని ముంచిందనుకున్నాను, ఆ అనుకోవడంలో కూడా కాస్త గర్వం దాచుకున్నాను. వాడు నా మాటలకి పడిపోలేదు. నన్ను నమ్మాడు.

గుంటూరు బండి వచ్చింది. "పద బావా" అన్నాడు. మేనకోడలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆ పిల్ల ఫైలు నా ఒళ్ళో పెట్టుకుని, గుంటూరు దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. విజయవాడ వెళ్ళిన రోజు నుంచి స్వీటు ప్యాకెట్టు చేరిన రోజు దాకా లెక్క వేసుకున్నాను, పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ రేపల్లెలో ఒక కుర్రాడు నన్ను చాలా గొప్పవాడిని అనుకుంటూ బతికాడు. ఆ తర్వాత నన్ను ఎవరూ అలా అనుకోలేదు.